గింజల పొదుపు – పస్తాపూర్ సంఘాల చరిత్ర, మన సంఘాల సంగతి



ప్రతి ఏడాది ఈ పుస్తకంలో మనం పొదుపు ఎంతైంది, బ్యాంకు లింకేజీ ఎంత వచ్చింది, వాపసు ఎంత శాతం అని రాసుకుంటం. ఆ లెక్కలు ముందు పేజీల్లో ఉన్నయి. ఈ పేజీల్లో మా గ్రామ సమాఖ్య తరఫున ఒక చరిత్ర రాస్తున్నం. మాలో పెద్ద చదువు అంటే పదో తరగతే. ట్రైనింగుల్లో విన్నది, పెద్దవాళ్లను అడిగి తెలుసుకున్నది, చదివింది కలిపి రాసినం. తప్పులుంటే మన్నించండి.

ఎందుకు రాయాలనిపించిందో ముందుగాల చెప్పాలె.

పోయిన వానాకాలం మా సంఘంలో ఒక అక్క రెండు మీటింగులకు రాలేదు. కిస్తు కూడా పంపలేదు. మూడో నెల మేము నలుగురం బుక్కులు పట్టుకొని ఆమె ఇంటికి పోయినం. పత్తి కోసం సంఘంలో అప్పు తీసుకున్నది ఆమె. మొదటిసారి పెట్టిన గింజలు సరిగ మొలవలేదు. మళ్లీ కొని పెట్టింది. ఆ తర్వాత వానలు ఎడతెగకుండ కొట్టినయి. మందులకు తెచ్చిన పైసలు మందులకే పోయినయి. మేము కిస్తు సంగతి ఎత్తంగనే "కూసోండ్రి, చాయ్ పెడత" అని లోపలికి పోయింది. ఎంతసేపటికీ రాలేదు. పోయి చూస్తే చక్కెర డబ్బా చేతిల పట్టుకొని నిలబడి ఉన్నది. డబ్బాల చక్కెర లేదు. పక్కన బియ్యం డబ్బా అడుగు కనబడుతున్నది. రేషన్ రావాల్నంటే ఇంకా పది రోజులున్నది.

మా సంఘం ఏ గ్రేడులో ఉన్నది. వాపసు వందకు వంద అని మీటింగులల్ల చప్పట్లు కొట్టించుకున్నం. కానీ సభ్యురాలి ఇంట్ల గింజ ఉన్నదా లేదా అని రాసే గడి మా ఏ రిజిస్టర్లోనూ లేదు. ఆ రోజు కిస్తు అడగకుండనే తిరిగి వచ్చినం. తర్వాత మీటింగులో ఒక పెద్దమ్మ అన్నది: "పైసల పొదుపు నేర్చుకున్నరు గని, గింజల పొదుపు మర్చిపోయిన్రు." ఆ మాట పట్టుకొని అడగంగ అడగంగ మాకు తెలిసినది ఈ చరిత్ర.

గింజ మీద అప్పు – మన ముత్తవ్వల కాలం

గింజలు అప్పు తెచ్చుకునుడు మన జిల్లాలకు కొత్త కాదు. నిజాం కాలంలో దాన్ని "నాగు" అనేవాళ్లు. వానాకాలం ఇంట్ల గింజలు ఒడిసిన రోజుల్లో దొర దగ్గరనో, షావుకారు దగ్గరనో ధాన్యం తెచ్చుకునేది. పంట కల్లానికి రాంగనే బస్తాకు బస్తన్నర, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ కొలిచి ఇచ్చేది. పంట పోతే ఆ నాగు మీద మళ్లీ నాగు. తీర్చలేనోళ్ల భూమి పోయేది, మనుషులు వెట్టికి పోయేది. కల్లం నుంచి గింజ ఇంటికి చేరుడే గగనం.

అందుకే జనగామ జిల్లా పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కథ మనకు ఇంత దగ్గరగా అనిపిస్తది. ఆమె కౌలుకు తీసుకొని దున్నిన భూమి. ఆ పంటను విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి మనుషులు ఎత్తుకపోదామని చూసిన్రు. ఆంధ్ర మహాసభను అప్పుడు ఊర్లల్ల "సంఘం" అనే పిలిచేవాళ్లు. ఆ సంఘపోళ్లు అడ్డం నిలబడి, పంట కోసి, ధాన్యం ఐలమ్మ ఇంటికి చేర్చిన్రు. ఆమె 1985 సెప్టెంబరు 10న చనిపోయింది. ఇప్పుడు ఆమె విగ్రహానికి దండలేస్తున్నం. "సంఘం" అనే మాటకు మన నేల మీద మొదటి అర్థం గింజను దున్నినామె ఇంటికి చేర్చుడు అని మాత్రం మరువద్దు.

1983: బియ్యం వచ్చింది, జొన్న పోయింది

మనం డ్వాక్రా సంఘాలు అంటుంటిమి కదా, ఆ డ్వాక్రా పథకం 1982లో మొదలైంది. 2000 సంవత్సరంలో సెర్ప్, వెలుగు వచ్చినయి. అట్ల మనది పైసల పొదుపు దారి అయింది. సరిగ్గ అదే కాలంలో ఇంకో దారి పట్టిన సంఘాలు ఉన్నయి. అవి మనకు దూరంగ, హైదరాబాద్ దాటి ముంబై రోడ్డు మీద పోతే కర్ణాటక సరిహద్దు దగ్గర జహీరాబాద్ ప్రాంతంలో ఉన్నయి. అప్పుడది మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా.

1983 జనవరిలో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం వచ్చింది, రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. ఆ బియ్యం ఎన్నో ఇండ్లల్ల ఆకలి తీర్చింది, అది కాదనలేం. కానీ ఎర్ర చెల్కల మీద ఒక సంగతి జరిగింది. ఆ చెల్కల్లో పండేవి జొన్న, సజ్జ, కొర్ర, సామ. బియ్యం అగ్గువకు దొరికినంక జొన్న పండించుడు ఎందుకు అనుకున్నరు. నిరుపేదలకు సర్కారు ఇచ్చిన భూములు ముందే రాళ్లురప్పలు. దున్నడానికి ఎడ్లు లేవు, పైసలు లేవు. ఎకరం, రెండెకరాల పట్టా చేతిల ఉండి కూడా ఆడవాళ్లు వేరేవాళ్ల చేన్లకు కూలికి పోయిన్రు. భూమి పడావు పడ్డది.

అదే 1983లో జహీరాబాద్ పక్కన పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ మొదలైంది. అందరూ డీడీఎస్ అంటరు. మొదలుపెట్టినవారిలో ముఖ్యులు పి.వి. సతీష్ గారు. అంతకుముందు ఆయన టీవీలో పనిచేసిన మనిషి. 2023 మార్చిలో చనిపోయేదాకా ఆ ఊర్లతోనే ఉన్నరు. ఆ సంస్థ ఊరూరా మహిళా సంఘాలను కూడగట్టింది. సభ్యుల్లో ఎక్కువ మంది దళిత మహిళలు, చదువు రానివాళ్లు. తర్వాత తర్వాత దాదాపు 75 ఊర్లల్ల ఐదు వేల మంది వరకు అయిన్రు.

వాళ్లు కూడా మొదట మన లెక్కనే కూర్చొని మాట్లాడుకున్నరు. అప్పు కావాల్నా, కూలి పెంచాల్నా, ఏం కావాలె అని. మాటలు తిరిగి తిరిగి భూమి దగ్గరికే వచ్చినయి. కొందరు కలిసి భూమి కౌలుకు పట్టి సాగు చేసిన్రు. కొందరు ఎస్సీ కార్పొరేషన్ పథకంలో కలిసి భూమి సంపాదించుకున్నరు. పడావు పడ్డ సొంత చెల్కల్లో రాళ్లు ఏరి, ఒడ్లు వేసి, ఎరువు తోలి మళ్లీ దున్నిన్రు. తమ భూమి మీద తామే చేసుకున్న ఆ పనికి సంస్థ కూలి ఇప్పించింది.

గింజల నిధి ఎట్ల నడిచింది

ఇది జర నిదానంగా చదవండి, మనకు పనికొచ్చేది ఇక్కడనే ఉన్నది.

1990ల నడుమ వాళ్లు "మన రేషన్ మనమే పండించుకుంటే ఎట్ల ఉంటది?" అని ఒక ఆలోచన చేసిన్రు. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సాయం దొరికింది. 30కి పైగా ఊర్లల్ల రెండు వేల ఎకరాలకు పైగా పడావు భూమి సాగులోకి వచ్చింది. పద్ధతి ఇది.

ఊర్ల సంఘం కమిటీ ఏ ఏ చెల్కలు పడావు ఉన్నయో తిరిగి చూసింది. దున్నుడు, ఎరువు, విత్తనం, కలుపు – దేనికెంత అని లెక్కగట్టి ఎకరాన ఇంత అని విడతలుగ అప్పు ఇచ్చింది. అయితే ఆ అప్పు పైసల్లో తిరిగి కట్టేది కాదు. పండిన జొన్నల్లోనుంచి కొలిచి, కొన్నేండ్లపాటు ఊరి గింజల నిధిలో వేసేది. ఆ గింజలను లారీ ఎక్కించి ఎక్కడికో పంపలేదు. ఊర్లనే, వేపాకు వేసి, మట్టితో అలికిన పెద్ద గుమ్ముల్లో దాచిన్రు.

తర్వాత ఆ గింజ ఎవరికి ఇయ్యాలె? ఇక్కడ వాళ్లు చేసిన పని చూసి మాకు సిగ్గు కూడా అయింది, ధైర్యం కూడా వచ్చింది. ఊరి నడుమ నేల మీద ముగ్గుతో, రంగులతో ఊరి పటం వేసిన్రు. ఒక్కొక్క ఇల్లు గుర్తు పెట్టుకుంట, ఆ ఇంట్ల భూమి ఉన్నదా, కూలికి పోయే చేతులెన్ని, ఒంటరి ఆడమనిషా, ముసలోళ్లున్నరా అని అందరి ముందరనే మాట్లాడి ఎవరు ఎంత పేదవాళ్లో వాళ్లే తేల్చుకున్నరు. ఆఫీసు కాగితం అడగలేదు. వాన పడి పని దొరకని ఆకలి నెలల్లో ఆ గింజలను అగ్గువ ధరకు, అందరికన్న పేదవాళ్లకు అందరికన్న ఎక్కువగా ఇచ్చిన్రు. అమ్మినంక వచ్చిన పైసలు మళ్లీ నిధిలోకి, మళ్లీ సాగుకే.

ఒక్క నిధితో ఎన్ని పనులైనయో చూడండి. పడావు భూమి పచ్చబడ్డది. దున్నుడు, కలుపు, కోతలకు ఊర్లనే కూలి దొరికింది. జొన్న చొప్ప పశువులకు గ్రాసమైంది. పశువులుంటే పెంట, పెంట ఉంటే మళ్లీ పంట. ఇంట్ల రొట్టె ఉన్నది. ముఖ్యమైనది ఏందంటే, వెనుకట నాగు ఇచ్చిన దొర చేతిల ఉన్న కుంచం ఇప్పుడు ఆడవాళ్ల చేతిలకు వచ్చింది. అదే గింజ, అదే అప్పు. కొలిచే చెయ్యి మారింది, అంతే. అప్పటి నాగు భూమిని గుంజుకున్నది, ఈ నిధి భూమిని నిలబెట్టింది.

విత్తనం ఆడవాళ్ల చేతిల ఉంటే

ఆ చేన్లల్ల ఒకే పంట ఉండదు. ఒక ఎకరంలోనే జొన్న, కంది, పెసర, మినుము, అనుము, కొర్ర, గోగు, నువ్వు – పది పదిహేను రకాలు కలిపి వేస్తరు. ఒకటి పోతే ఇంకోటి నిలబడతది. కొన్ని పంటలు చలికాలం మంచుకే పండుతయి, నీళ్లు అడగవు, మందు అడగవు. వాటిని వాళ్లు "సత్యం పంటలు" అంటరు. చేన్ల గట్ల మీద తనంతట మొలిచే ఆకుకూరలు నూరు రకాల దాకా తినొచ్చని వాళ్లకు ఎరుక. మనం వాటిని గడ్డి అనుకొని మందు కొడుతున్నం.

ఊరి విత్తన నిధి నుంచి విత్తనం తీసుకున్నామె, పంట వచ్చినంక తీసుకున్నదానికన్న ఎక్కువ కొలిచి తిరిగి ఇస్తది. దుకాణంలో పాకెట్టు కొనే పని లేదు. ఈ పాత విత్తనాలను ఎడ్లబండ్ల మీద అలంకరించుకొని, సంక్రాంతి మొదలు దాదాపు నెల రోజులు ఊరూరు తిరిగే పాత పంటల జాతర వాళ్లు ఏటా చేస్తున్నరు. చుట్టూ చెరకు, పత్తి చేన్లు, నడుమ ఈ నవధాన్యం చెల్కలు ఒక దీవి లెక్క ఉంటయి.

మాట కూడా వాళ్లదే. 2008 అక్టోబరు 15న మాచ్‌నూర్‌లో సంఘం రేడియో మొదలైంది. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత యువతులు దాన్ని నడిపించిన్రు. ఏ విత్తనం ఎప్పుడు వేయాలె, ఏ పురుగుకు ఏం చేయాలె అని వాళ్ల యాసలనే చెప్పిన్రు. 2019లో డీడీఎస్ సంఘాలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఈక్వేటర్ ప్రైజ్ ఇచ్చింది. 2023ను ప్రపంచమంత చిరుధాన్యాల సంవత్సరంగ చేసుకున్నది. రాళ్ల చెల్కల్లో ఆ ఆడవాళ్లు నలబై ఏండ్ల నుంచి చెప్తున్నదే చివరికి అందరి నోట వచ్చింది.

మన దగ్గర కూడా ఉన్నది

"అది జహీరాబాద్ ముచ్చట, మన దగ్గర అయితదా?" అని మా మీటింగులోనే ఒక చెల్లె అడిగింది. మన జనగామ జిల్లాలనే, లింగాల ఘనపురం మండలంలో ఏనెబావి ఉన్నది. యాభై పైచిలుకు కుటుంబాల చిన్న ఊరు. బోర్లు ఎండినయి, మందుల అప్పులు పెరిగినయి. అప్పుడు ఊరంత కూర్చొని ఒక్కమాట మీదికి వచ్చిన్రు. ఎర్ర గొంగళి పురుగుకు మంటలు, దీపాలు పెట్టిన్రు. వేప, పేడ, గోమూత్రంతో మందులు తయారు చేసుకున్నరు. చెరువు మట్టి తోలుకున్నరు. క్రాప్స్, సుస్థిర వ్యవసాయ కేంద్రం అనే స్వచ్ఛంద సంస్థలు చేయి పట్టుకొని నడిపించినయి. 2006 నాటికి ఊరు మొత్తం రసాయన మందులు, ఎరువులు మానేసింది. వేరే రాష్ట్రాల రైతులు కూడా వచ్చి చూసిపోయిన్రు.

మానుకోట అక్కలకు ఇంకోటి దగ్గర. పాల్వంచ పక్కన పునుకుల. అక్కడ 2003–04 ప్రాంతంలో ఊరు ఊరే పురుగుమందు లేని సాగుకు మళ్లింది. వేపగింజలు పొడి కొట్టే పని మహిళా సంఘాల చేతికి వచ్చింది. ఆ అనుభవం చూసే సెర్ప్ మన మహిళా సమాఖ్యల ద్వారా పురుగుమందులు లేని సాగును జిల్లా జిల్లాకు తీసుకపోయింది. మనలో పెద్ద అక్కలకు ఆ ట్రైనింగులు యాదికి ఉండే ఉంటయి. అంటే ఈ దారి మనకు తెలియనిది కాదు, నడుమల విడిచిపెట్టినం.

కష్టాలు కూడా చెప్పుకోవాలె

ఊరికే పొగిడితే లాభం లేదు. మా మీటింగులో వచ్చిన అడ్డు మాటలు కూడా రాస్తున్నం.

ఒకటి, ఇప్పుడు రేషన్ బియ్యం ఉచితంగ వస్తున్నయి, గింజల నిధి ఎందుకు? నిజమే. కానీ రేషన్‌లో కంది లేదు, పెసర లేదు, జొన్న లేదు. మన పిల్లలకు, బాలింతలకు రక్తం తక్కువ అని అంగన్‌వాడీల చెప్తుంటే మనం బియ్యం ఒక్కటే చూపించుకుంట కూర్చుంటమా?

రెండు, దంచుడు. కొర్రలు, సామలు దంచుడు ఎంత కష్టమో మన అమ్మలను అడగండి. ఆ కష్టం ఆడవాళ్లదే. కాబట్టి పొట్టు తీసే మిషన్ లేకుండ ఆ పంటల జోలికి పోవద్దు, ముందు జొన్న, కంది, పెసరతోనే మొదలుపెడదాం అనుకున్నం.

మూడు, పిట్టలు, కోతులు. ఊర్ల ఒక్కరే జొన్న వేస్తే పిట్టలకే సరిపోదు. కలిసి ఒక్కచోట పది ఎకరాలు వేస్తే పిట్టలు తిన్నా మనకు మిగులుతది, కావలికి కూడా వంతులు వేసుకోవచ్చు. ఇది ఒక్క మనిషితో అయ్యే పని కాదు. అందుకే సంఘం పని.

నాలుగు, పత్తి, మిర్చి మానేస్తే కిస్తులు ఎట్ల కట్టాలె? ఎవరినీ మొత్తం మానమని అంటలేం. చదువులకు, దవాఖానకు పైసలు కావాలె. అర్ధ ఎకరం అయినా తినడానికి పెట్టుకోండి అంటున్నం. మిగిలినది మీ ఇష్టం.

మేము అనుకున్నది

మా గ్రామ సమాఖ్య ఈ వానాకాలం మూడు పనులు మొదలుపెడుతున్నది. ఒకటి, ఊర్ల మన సభ్యుల పడావు భూములు, కౌలుకు దొరికే భూములు తిరిగి చూసి రాసుకునుడు. రెండు, ముందుకొచ్చిన పది మంది అక్కలు పక్కపక్క చేన్లల్ల అర్ధ ఎకరం చొప్పున జొన్న, కంది, పెసర, అనుము కలిపి వేసుడు. విత్తనం, దున్నుడుకు అప్పు సంఘం నుంచే. అందులో సగం పైసల్లో, సగం గింజల్లో తిరిగి ఇస్తరు. మూడు, మా మీటింగు రిజిస్టర్లో ఒక కొత్త గడి గీసినం. పొదుపు, కిస్తు గడుల పక్కన "ఇంట్ల గింజ" అని. ప్రతి నెల ఆ గడి నింపినాకనే కిస్తులు వసూలు చేస్తం.

ఆ మొదటి పది మందిలో మేము చెప్పిన అక్క కూడా ఉన్నది. ఆమె చెల్క రెండేండ్ల సంది పడావే. కిస్తు గడువు మార్చి ఇచ్చినం. ఇప్పుడు మీటింగులకు వస్తున్నది. పంట ఎట్ల వస్తదో మాకు తెలియదు. బాగ వస్తే వచ్చే ఏడాది పుస్తకంలో ఎన్ని కుంచాలు నిధిలో పడ్డయో రాస్తం. రాకున్నా ఎందుకు రాలేదో అదీ రాస్తం.

మహాసభకు వచ్చే అక్కలందరికీ ఒక మనవి. మీ అమ్మగారింట్లనో, అత్తగారింట్లనో ఉట్టి మీద, దూలాల నడుమ, పాత కుండల్లో వెతికి చూడండి. పాత జొన్న, పాత అనుము, సొర గింజ – ఏదైనా సరే – ఒక దోసెడు కొంగున కట్టుకొని రండి. ఆ రోజు ఒక చాట పెడతం. అందులో పోయండి, ఏ ఊరి విత్తనమో రాయించండి. మా మూడు జిల్లాల్లో ఇంకా ఏమేం మిగిలి ఉన్నయో ముందు కండ్లతో చూసుకుందాం. అదే మన గింజల పొదుపులో మొదటి జమ.

ఇట్లు,
మీ గ్రామ సమాఖ్య అక్కచెల్లెళ్లు